పెండ్లి వీడియోల్లో సంగయ్య

మల్లీశ్వరి ఏం ఉద్యోగం చేస్తుందో నారాయణఖేడ్‌లో చాలామందికి అర్థం కాదు. హైదరాబాద్‌లో ఒక సినిమా కంపెనీ ఉంది. దానికి ఎక్కడెక్కడి వాళ్లో కథలు పంపుతారు. కథంటే మొత్తం కాదు, ఒక్క వాక్యం. ఎవరి కథ, వాళ్లకేం కావాలి, దానికి ఏది అడ్డం వచ్చింది, అంతా అందులోనే తేలాలి. లాగ్‌లైన్ అంటారు దాన్ని. వాటిని చదివి ఏది బాగుందో, ఏది కుదరలేదో, ఎట్లా దిద్దుకోవచ్చో మనసు నొప్పించకుండా రాసి పంపడం ఆమె పని. ఇంట్లోనే కంప్యూటర్ ముందు కూర్చుని చేస్తుంది.

ముక్కూ మొహం తెలియనివాళ్లకు చెప్పడం ఎంతసేపు? ఆ ఆదివారం పొద్దున మాత్రం అన్న దశరథ్ ఫోన్ పట్టుకుని ఎదురుగా వచ్చి కూర్చున్నాడు.

దశరథ్ పెండ్లిళ్లకు వీడియో తీస్తాడు. బస్టాండ్ దగ్గర చిన్న స్టూడియో. నాన్న పోయేనాటికి మల్లీశ్వరి ఇంటర్ చదువుతోంది. కెమెరా భుజాన వేసుకుని నాగల్‌గిద్ద నుంచి సిర్గాపూర్ దాకా తిరిగి ఆమెను చదివించింది అతనే. తనకంటూ ఏదీ కోరుకోని మనిషి, ఒక్క సినిమా తీయాలన్న ఆశ తప్ప.

"మీ కంపెనీకి పంపుదామని రాసిన. విను చెల్లె" అని గొంతు సవరించుకున్నాడు. "తండ్రిని సంపినోళ్ల మీద పగ తీర్చుకునేతందుకు దుబాయి నుంచి వచ్చిన కవలలల్ల ఒకడు పోలీసు, ఇంకోడు డాను, ఇద్దరూ ఒక్క పిల్లనే ప్రేమిస్తే, గా పిల్ల విలన్ బిడ్డ అని తెలిస్తే, ఆఖరుకు ఊరికి నీళ్లెట్ల తెచ్చిండ్రన్నదే కథ."

"మంచిగుంది అన్నా" అంది.

"అబద్ధం చెప్పకు. బయటోళ్లకు ఎట్ల చెప్తవో గట్లనే చెప్పు."

"సరే. ఊపుంది, అది అబద్ధం కాదు. ఆఖరుకు ఊరికి నీళ్లు తెచ్చుడు నాకు నచ్చింది. కానీ గిండ్ల నాలుగు కథలున్నయ్. ఎవ్వరి వెంబడి నడవాల్నో నాకు తెల్వలే." మెల్లగా అంది, "ఇంకోటి అన్నా. డాన్లను, దుబాయిని నువ్వు ఎన్నడన్న చూసినవా? నీ కండ్లతోని చూసింది గిండ్ల ఒక్కటి లేదు."

దశరథ్ మొహం చిన్నబోయింది. ఫోన్ బోర్లా పెట్టేశాడు. "నేను చూసేది ఏముంటది? పెండ్లిళ్లు, బంతి భోజనాలు."

ఆమె లేచి చాయ్ పెట్టి తెచ్చింది. గ్లాసు చేతికిస్తూ అడిగింది. "ఆ పెండ్లిళ్లల్లనే, నీ మనసుల నుంచి పోనిది ఏదన్న ఉన్నదా?"

దశరథ్ చాయ్ ఊదుకుంటూ చెప్పాడు.

"మొన్న ఎండకాలం బోరంచ నుంచి సంతోషమ్మ అని ఒకామె వచ్చింది. మొగడు సంగయ్య లారీ కింద పడి పోయిండట. ఇంట్ల ఆయన ఫొటో అంటే ఆధార్ కార్డు మీదిదే, అది గుర్తు పట్టేటట్టు గూడ లేదు. 'ఏదన్న పెండ్లిల మా ఆయన నీ కెమెరాల పడ్డడేమో చూడు బిడ్డా' అన్నది. గిరాకీ లేనప్పుడల్ల పాత హార్డ్ డిస్కులు పెట్టుకొని చూసిన. ఎన్ని పెండ్లిళ్లో!"

"దొరికిండా?"

"దొరికిండు. ఒక బంతిల సాంబారు బకీటు పట్టుకొని వడ్డిస్తుండు, ఎవరో 'సంగయ్యా' అని పిలుస్తున్నరు. కానీ వీపే కనవడ్తది. ఇటు తిరిగే యాళ్లకు కెమెరా పెండ్లిపిల్ల దిక్కు పోయింది." దశరథ్ గ్లాసు కింద పెట్టాడు. "ఆమె దాన్నే మళ్లమళ్ల పెట్టించుకొని చూసింది. 'నడక ఆయనదే' అని నవ్వింది. నాకైతే ఏడుపొచ్చింది."

మల్లీశ్వరి కళ్లు తుడుచుకుంది. "గిది నాకెందుకు చెప్పలే?"

"గిది కథ ఎట్లయితది? ఆమె బాధ గదా."

"ఆమెనే అడుగుదాం. ముందుగాల చెప్పు, గిది ఎవ్వరి కథ? ఆమెదా, కెమెరా మనిషిదా?"

దశరథ్ తలవంచుకున్నాడు. "కెమెరా మనిషిదే."

"ఆయనకేం కావాలె?"

"ఆమెకు మొగని మొహం ఒక్కసారన్న చూపియ్యాలె."

అతను చెప్తుంటే ఆమె రాసింది, ఆమె చదువుతుంటే అతను మాటలు తీసేశాడు. మధ్యాహ్నానికి ఒక్క వాక్యం మిగిలింది. దశరథ్ ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని, చెల్లెల్ని బండి ఎక్కించుకుని కంది చేల మధ్య నుంచి బోరంచ పోయాడు.

సంతోషమ్మ వాకిట్లో చాప వేసింది. మల్లీశ్వరి చదివి వినిపించింది. "పోయిన భర్త మొహం ఒక్కసారి చూడాలని ఒక ఆడమనిషి అడిగితే, తను తీసిన పెండ్లి వీడియోలన్నిట్లో ఆ మనిషిని వెతకబోయిన కెమెరా మనిషి కథ."

"సినిమాల దొరుకుతడా?" అంది సంతోషమ్మ.

"ఇంకా రాయలే పెద్దమ్మా. అసలైతే వీపే గదా" అన్నాడు దశరథ్.

"సినిమాల గూడ వీపేనా? మీ చేతుల ఉన్నదే గదా బిడ్డా, జర ఇటు తిప్పున్రి. ఇంకోటి, నా పేరు వద్దు గని ఆయన పేరు పెట్టున్రి."

దశరథ్ తలూపాడు. ఆ పేరు చేర్చడం తప్ప మల్లీశ్వరి కాగితం మీద ఇంకేమీ దిద్దలేదు. సంతోషమ్మ వేడివేడి జొన్నరొట్టెలు చేసి పెట్టేదాకా వాళ్లను కదలనివ్వలేదు.

రాసింది తన అన్న అని మల్లీశ్వరి ముందే చెప్పడంతో, కంపెనీలో దాన్ని వేరేవాళ్లు చదివారు. కొన్నాళ్లకు జవాబు వచ్చింది. పెద్ద సినిమాకు చాలదు, చిన్న సినిమాకు బాగుంటుంది, మొత్తం రాసి పంపమని. దశరథ్ ఆ జవాబును చెల్లెలితో రెండుసార్లు చదివించుకున్నాడు.

సంగయ్య ఎట్లా నవ్వేవాడో, వడ్డిస్తూ ఏం మాట్లాడేవాడో అడగడానికి ఆ వారమే మళ్లీ బోరంచ వెళ్లాడు. పొద్దుగూకేదాకా సంతోషమ్మ చెప్తూనే ఉంది.