రెండు గుండ్లు, ఒక్క చప్పుడు

ఇదిగో, నిన్నే! కుర్చీలో సగం కూర్చుని, మిగతా సగంతో పారిపోవడానికి సిద్ధంగా ఉన్న పెద్దమనిషీ! ఫిజిక్సు కథ అనగానే ఆముదం తాగినట్టు ఆ మొహమేంటి? నీకు లెక్కలు రావని ఊరందరికీ తెలుసులే, కొత్తగా పోయే పరువేం లేదు. లెక్క వచ్చిన చోట నువ్వు ఊరికే తలూపు. అర్థమైనట్టు తలూపడంలో నిన్ను మించినవాళ్ళు లేరు కదా. ఆఁ, సర్దుకున్నావా? విను మరి.

ఒక మామ ఉండేవాడు. అందరూ తుంటరి మామ అనేవాళ్ళు. ఇళ్ళు కట్టే చోట ఇటుకలు ఎగరేయడం అతని పని. కింద నిలబడి ఒక్కో ఇటుకనీ పైకి విసురుతాడు. పరంజా మీద నిలబడ్డవాడు దాన్ని పట్టుకుంటాడు. విసరడంలో కిటుకేమిటంటే, ఇటుక సరిగ్గా పైవాడి చేతుల ముందుకు వచ్చి ఒక్క క్షణం ఆగినట్టుండాలి. పైవాడు చెట్టుకున్న కాయ కోసినట్టు దాన్ని అందుకోవాలి. అందులో మామని కొట్టేవాడు లేడు.

పనిలో అంత నికార్సయిన మనిషి, పని దిగితే మాత్రం ఒట్టి కోతి. చుట్టాలొస్తే గోడ గడియారం ముందుకు తిప్పేసి, వాళ్ళు కంగారుగా చెప్పులు వెతుక్కుంటుంటే తలుపు చాటున నవ్వుకునేవాడు. అక్క గొడుగులో కాగితం ముక్కలు దాచిపెట్టి, ఆవిడ నలుగురిలో గొడుగు తెరిచేదాకా కాచుకుని ఉండేవాడు. చదువంటావా, బడి మెట్లెక్కాడు గానీ పైదాకా పోలేదు.

ఒక సెలవు రోజు పొద్దున్నే అక్క ఇంటికి వచ్చాడు. అక్క బట్టలు కుడుతుంది. ముందు గదిలో మిషను గడగడమంటోంది. లోపల బల్ల ముందు కూర్చుని మేనకోడలు కాగితాల మీద తల వాల్చేసి ఉంది. సన్నగా, ఎప్పుడూ ఏదో ఒకటి అడుగుతూ ఉంటుందని మామ ఆ పిల్లకి పిచ్చుక అని పేరు పెట్టాడు.

మామ చప్పుడు కాకుండా వెళ్ళి పిచ్చుక జడని కుర్చీకి కట్టబోయాడు.

"మామా, ఇవాళొద్దు," అంది పిచ్చుక తలెత్తకుండానే.

ఆ గొంతు విని మామ జడ వదిలేశాడు. పక్కన కూర్చుని కాగితం లాక్కున్నాడు.

"ఏంటే ఈ బాణాలు? ఎవరి మీద కోపం?"

"కోపం కాదు, వేగం. ఏటవాలుగా విసిరిన బంతి వేగాన్ని రెండు బాణాలుగా విడగొట్టాలి. ఒకటి అడ్డంగా పోయేది, ఒకటి నిలువుగా పోయేది. అడ్డం దానికి నిలువు దాని గొడవ పట్టదు. నిలువు దానికి అడ్డం దాని గొడవ పట్టదు."

"ఒకే ఇంట్లో వేరు కుంపట్లన్నమాట."

పిచ్చుకకి నవ్వొచ్చింది గానీ నిలవలేదు. "అదే మామా నాకు నమ్మబుద్ధి కావట్లేదు. చూడు, మేడ మీంచి ఒక గుండు ఊరికే వదిలేశావనుకో. అదే క్షణంలో ఇంకో గుండు తిన్నగా ముందుకి విసిరావనుకో. ఏది ముందు పడుతుంది?"

"వదిలేసిందే. రెండోది ఊరంతా తిరిగి రావాలి కదా."

"కదా! పుస్తకంలో రెండూ ఒకేసారి పడతాయని ఉంది."

"అచ్చుతప్పేమో."

"అచ్చుతప్పు కాదు. పోయినసారి పరీక్షలో ఇదే అడిగారు. పుస్తకంలో ఇలా ఉంది గానీ నాకు నమ్మకం లేదు, దూరం పోయేది ఆలస్యంగానే పడాలి అని రాసి, మిగతా లెక్కలన్నీ అలాగే చేశాను."

మిషను ఆగింది. ముందు గదిలోంచి అక్క గొంతు వినిపించింది. "చేసింది మహారాణి! అన్నీ పాసై ఒక్క ఫిజిక్సు పోగొట్టుకుంది. రేపు మళ్ళీ పరీక్ష. ఇదీ పోతే వంతెనలు కట్టే చదువులో వచ్చిన సీటు పోతుంది, నా పక్కన కూర్చుని గుండీలు కుట్టుకోవాలి. చెప్పరా తుంటరీ, ఏది రాయమంటే అది రాయడానికి దీనికేం నొప్పి?"

"నమ్మనిది రాద్దామంటే చెయ్యి కదలదమ్మా," అంది పిచ్చుక. "లెక్క సగంలో ఆగిపోతుంది."

మామకి పుస్తకాల సంగతి తెలియదు గానీ, ఈ పిల్ల సంగతి తెలుసు. చిన్నప్పుడు మంట కాలుతుందని చెబితే నమ్మకుండా వేలు పెట్టి చూసిన రకం. చూపించకపోతే రేపు మళ్ళీ సొంత కవిత్వం రాసి వస్తుంది.

"లే! మేడ మీదికి పద. పడేసి చూద్దాం."

మామ సంచిలో పాడైపోయిన బేరింగులోంచి తీసిన ఇనప గుండ్లు ఎప్పుడూ ఉంటాయి. ఎవరైనా కూర్చోబోయే పీట కింద పెట్టడానికి. అవి రెండు తీశాడు. పెరట్లో పాత రేకు పరిచాడు. గుండు పడితే టంగుమంటుంది. ఒక్క టంగు వినిపిస్తే పుస్తకం నిజం, రెండు వినిపిస్తే పిచ్చుక నిజం.

ఇద్దరూ పిట్టగోడ దగ్గర నిలబడ్డారు. "ఊఁ" అనగానే పిచ్చుక వదిలింది, మామ ముందుకి విసిరాడు.

టంగు. టంగు.

"రెండు!" పిచ్చుక గెంతింది. "మామా, రెండు! మళ్ళీ!"

మళ్ళీ రెండు. ఆ తర్వాతా రెండే. ప్రతిసారీ మామ విసిరిందే వెనక పడింది. పిచ్చుక మొహం వెలిగిపోయింది. అంతలోనే రేపు పరీక్ష గుర్తొచ్చి వాడిపోయింది. అయినా ఆగలేదు.

"మామా, ఈసారి గట్టిగా విసురు." ఇంకా ఆలస్యం. "ఇప్పుడు మెల్లగా." ఆలస్యం తగ్గింది. "ఎందుకలా?" పిచ్చుక పిట్టగోడకి గడ్డం ఆనించి గుండు పడిన చోటు కాకుండా మామ చేతి వంక చూస్తూ ఉండిపోయింది.

మామకి మాత్రం తను చేసిన పని అప్పుడు తెలిసొచ్చింది. కోరి కొరివితో తల గోక్కున్నాడు. ఇప్పుడీ పిల్ల రేపు వెళ్ళి, మా మామ చేత విసిరించి చూశాను, పుస్తకం తప్పు అని సంతకం చేసి మరీ రాస్తుంది. ఇన్ని లక్షలమంది చదివే పుస్తకంలో ఇంత పచ్చి అబద్ధం ఎలా రాశారా అని అతనికి ఒక పక్క వింతగా ఉంది. ఇంకో పక్క, అబద్ధమైనా సరే, రేపటికి ఈ పిల్ల దాన్ని నమ్మాలి. జన్మంతా సరదాకి జనాన్ని నమ్మించాడు. ఒక్కసారి పనికొచ్చే పనికి నమ్మించలేడా?

"ఇలా కాదే," అన్నాడు గంభీరంగా. "చేత్తో విసిరితే గాలివాటంగా పోతుంది. పద్ధతిగా చేద్దాం."

కిందికి దిగి ఒక చెక్క పలకా, సంచిలోంచి రసమట్టమూ తెచ్చాడు. పలకని పిట్టగోడ మీద కొస బయటికి ఉండేలా పెట్టి, రసమట్టంలో నీటి బుడగ నడిమికి వచ్చేదాకా కింద చెక్కముక్కలు దోపాడు.

"గుండు దీని మీద దొర్లుకుంటూ పోయి తిన్నగా బయటికి పోతుంది. అది అంచు దాటగానే రెండోది నేను వదులుతా. నువ్వు కింద రేకు దగ్గర నిలబడి విను. కళ్ళు మూసుకో. కళ్ళు మోసం చేస్తాయి, చెవులు చెయ్యవు."

పిచ్చుక కిందికి వెళ్ళింది. మామ తొంగి చూశాడు. కళ్ళు గట్టిగా మూసుకుని, మెడ ముందుకి చాచి నిలబడి ఉంది పాపం.

మామ ఒక గుండు దొర్లించాడు. రెండోది జేబులో వేసుకున్నాడు.

టంగు.

"ఎన్ని?" అని అరిచాడు.

"ఒక్కటే!" అంది కింది నుంచి పిచ్చుక. "మామా, ఒక్కటే!"

అతను గబగబా దిగివచ్చి, జేబులోది గడ్డిలో పడేసి, ఏమీ ఎరగనట్టు నిలబడ్డాడు. పిచ్చుక రేకు మీదికి వంగి చాలాసేపు చూసింది. తర్వాత మామ మొహంలోకి చూసింది.

"ఇప్పుడు నమ్మావా?"

"నమ్మాను మామా," అంది పిచ్చుక. "ఇంక రాసేస్తాను."

మామ చంకలు గుద్దుకుంటూ ఇంటికి పోయాడు. దారిపొడుగునా ఒకటే ఆలోచన: అబద్ధం చెప్పి నిజమైన పరీక్ష పాసు చేయించడం పాపమా పుణ్యమా? మర్నాడు పనిలో కూడా పైకి పోయి ఆగే ప్రతి ఇటుకనీ వింతగా చూశాడు. పైన ఆగినట్టుంటుంది, మళ్ళీ కిందికే వస్తుంది. దీన్నెవరు లాగుతున్నారు? పైవాడు పట్టుకోకుండా వదిలేస్తే ఏమవుతుంది? ఆ ఆలోచనలో ఒక ఇటుక పక్కకి విసిరి తిట్లు కూడా తిన్నాడు.

ఫలితాలొచ్చిన రోజు సాయంత్రం అక్క ఇంట్లో నవ్వులు వీధిలోకి వినిపించాయి. పిచ్చుక పాసైంది. అది కూడా గట్టెక్కడం కాదు, ఫిజిక్సులోనే అన్నిటికన్నా ఎక్కువ మార్కులు వచ్చాయి. సీటు నిలిచింది. అక్క మిషను మీద గుడ్డ కప్పేసి, తమ్ముడి చేతిలో కాఫీ పెట్టింది.

కడుపులో మాట దాచుకోవడం ఆ మనిషికి చేతకాదు. ఆడిన ఆట ఎవరికీ తెలియకపోతే ఆడినట్టే కాదు అతనికి. రెండు గుక్కలు తాగి, గొంతు సవరించుకున్నాడు.

"పిచ్చుకా, ఇంక చెప్పేస్తా. తిట్టకూడదు. ఆ రోజు నేను రెండో గుండు వదల్లేదే. జేబులో వేసుకున్నా. ఒక్క గుండుకి ఒక్క చప్పుడు కాక ఇంకేమొస్తుంది? పుస్తకం ఒట్టి అబద్ధమే. నీ సీటు కోసం నమ్మించా."

ఏడుస్తుందనో, మీద పడి కొడుతుందనో చూశాడు. పిచ్చుక కాఫీలో చక్కెర కలుపుకుంటోంది.

"తెలుసు మామా."

"ఏం తెలుసు?"

"నువ్వు కిందికి పొమ్మన్నావు కదా, దిగగానే అమ్మ బట్టల మీద గీసే సుద్దముక్క పొడి చేసి రేకు మీద చల్లా, ఎక్కడ పడుతుందో చూద్దామని. తర్వాత చూస్తే ఒక్కటే మచ్చ."

మామ గ్లాసు పక్కన పెట్టాడు. "మరి నమ్మానన్నావుగా?"

"నువ్వు అంత కష్టపడ్డావు, పాడుచేయడమెందుకని. నువ్వు వీధి మలుపు తిరగ్గానే అమ్మా నేనూ మళ్ళీ చేశాం. అమ్మ గుండు దొర్లించింది. అది అంచు దాటగానే నేను రెండోది వదిలా."

"ఎన్ని చప్పుళ్ళు?"

"ఒక్కటే," అంది అక్క. "కానీ మచ్చలు రెండు."

మామ ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూశాడు. "ఊరుకోండే. మరి నేను విసిరినప్పుడు రెండెందుకొచ్చాయి?"

"నువ్వు తిన్నగా విసరలేదు మామా, పైకి విసిరావు."

"నేనా! ఇన్నేళ్ళ అనుభవం నాది!"

"అందుకే. ఇన్నేళ్ళుగా పైకి తప్ప ఇంకెటూ విసరలేదు కదా నీ చెయ్యి." పిచ్చుక అమ్మ డబ్బాలోంచి ఖాళీ దారం రీలు తీసి ఇచ్చింది. గోడకి సగం దాకా ఒక రంగు, పైన ఇంకో రంగు వేసి ఉంది. "ఆ రెండు రంగులూ కలిసే గీత ఉంది చూడు. దాని వెంబడే తిన్నగా విసురు."

మామ కన్ను చికిలించి, గీత చూసుకుని విసిరాడు. రీలు గీత దాటి పైకి లేచి, ఆ తర్వాత కిందికి వంగి తలుపుకి తగిలింది. "చెయ్యి జారింది," అని మళ్ళీ విసిరాడు. మళ్ళీ పైకే. భుజం బిగబట్టి విసిరాడు. ఇంకా పైకి. అక్క కొంగు నోట్లో కుక్కుకుంది.

"పైకి లేచింది కదా, అది దిగి రావడానికి పట్టే సమయమే నీ ఆలస్యం. గట్టిగా విసిరితే ఇంకా ఎత్తు లేస్తుంది, ఇంకా ఆలస్యం," అంది పిచ్చుక. "పరీక్షలో పెద్ద లెక్క అదే మామా. అడ్డంగా కాకుండా కాస్త పైకి విసిరితే ఎంత ఆలస్యంగా పడుతుంది అని. నీ చెయ్యి తలుచుకుని గబగబా చేసేశా."

మామ కుర్చీలో కూలబడ్డాడు. రీలుని అటూ ఇటూ తిప్పి చూశాడు. "అంటే నిజంగానే... ఒకేసారి పడతాయా?"

"పడతాయి."

"ఎవరు చేసినా?"

"నువ్వు తప్ప ఎవరు చేసినా."

మామ చెయ్యి మెల్లగా మీసం మీదికి పోయింది. దువ్వడానికి కాదు, ఉందో లేదో చూసుకోవడానికి.

"ఏమైందిరా?" అంది అక్క.

"పొద్దున మా మేస్త్రీ ఉన్నట్టుండి ఈ గుండ్ల ముచ్చటే ఎత్తాడక్కా. రెండూ ఒకేసారి పడతాయట, నాకే చెబుతున్నాడు! పడవన్నాను. పందెమా అన్నాడు. ఓడితే మీసం తీసెయ్యాలన్నాడు, సరేనన్నా, పనివాళ్ళందరి ముందూ. రేపు పొద్దున్నే పోటీ. విసిరేది నేను కాదు, తనే విసురుతాట్ట. అయినా జన్మలో పుస్తకం ముట్టని మనిషి, ఆయనకీ సంగతి ఎవరు చెప్పారు?"

అక్క కూతురి వంక చూసింది. పిచ్చుక కాఫీ ఆఖరి గుక్క తాగి, గ్లాసు బోర్లించింది.

"నిన్న చొక్కా కొలతలివ్వడానికి వచ్చాడు మామా. నేనే చెప్పా. మీసం అడగమన్నదీ నేనే."