మా ఇంట్లో అందరికీ అంతే

నేను బట్టల కంపెనీలో చెకింగ్ సెక్షన్‌లో పనిచేస్తాను. చొక్కా మీద ఆవగింజంత మరక ఉన్నా నా కన్నుగప్పి పోలేదు. అలాంటిదాన్ని, ఇంట్లో పిల్ల పాలిపోతుంటే పట్టించుకోలేదు. నా కళ్ళు పేలిపోను!

మా అమ్మాయికి పద్నాలుగేళ్ళు. నెలసరి వస్తే పదిరోజులైనా తగ్గేది కాదు. బడిలో గంట కొట్టినప్పుడల్లా బాత్రూముకు పరుగెత్తేది.

"మా క్లాసులో వాళ్ళకి అయిదు రోజులకే ఆగిపోతుందటమ్మా," అంది ఒకసారి.

"వాళ్ళ గొడవ మనకెందుకే? మా అమ్మకీ అంతే, నాకూ అంతే, పోయిన మీ పెద్దమ్మకీ అంతే. మనింటి ఒళ్ళే అంత," అని కసిరాను. పైగా కంపెనీలో మిగిలిన ముక్కలు తెచ్చి, నాలుగు పొరలేసి, మందంగా గుడ్డలు కుట్టిచ్చాను. ఒక్క చుక్క బయటపడదని మురిసిపోయాను కూడా. పిల్ల మళ్ళీ నోరెత్తలేదు.

మంగళవారం బడి మెట్ల మీద కళ్ళు తిరిగి పడిపోయింది. నేను పడుతూ లేస్తూ ఆసుపత్రికి వెళ్ళేసరికి, ఉతికి ఆరేసిన గుడ్డలా మంచం మీద ఉంది.

డాక్టరమ్మ నన్ను కూర్చోబెట్టింది.

"ఎన్ని రోజులుంటుందమ్మా?"

"పది, పన్నెండు."

"ఎంతసేపటికి మార్చుకుంటుంది?"

"గంటకో, గంటన్నరకో. మా ఇంట్లో అందరికీ అంతేనండీ."

ఆవిడ రాయడం ఆపింది. "ఈ వయసులో నెల అటూ ఇటూ కావడం మామూలే. కానీ ఏడు రోజులు దాటితే, గంట గంటకీ మార్చుకోవాల్సి వస్తే, అది మామూలు కాదు. అందరికీ ఉందంటున్నారు కాబట్టి రక్తం సరిగ్గా గడ్డకట్టని జబ్బేమో చూడాలి. దానికి మందులున్నాయి. మీ ఇంట్లో పురిట్లో ఎవరికైనా నెత్తురు ఆగకపోవడం జరిగిందా?"

మా అక్క రెండో పురిట్లో అలాగే పోయింది. దాని నుదుట అంతే రాసుందని ఏడ్చి ఊరుకున్నాం. మందులున్నాయట!

పక్కగదిలో పిల్లకి ఎవరిదో రక్తం ఎక్కిస్తున్నారు. నన్ను చూడగానే దుప్పటి మీదకి లాక్కుంది.

"పక్క పాడైందమ్మా. తిట్టకు," అంది.

ఇన్నాళ్ళూ నాకెందుకు చెప్పలేదే అని అడగబోయి నోరు నొక్కుకున్నాను. అది చెప్పింది. నేనే వినలేదు.