గవ్వ మెడలో దిష్టిపూస

లక్ష్మమ్మాళ్‌కు కోడలి పావురాలంటే ఒళ్లుమంట. సింగానల్లూరులో మోటార్లకు వైండింగు చేసే శ్రీరంజని, పని తీరగానే డాబా ఎక్కి పందెం పావురాలతో ముచ్చట్లు పెట్టేది. ఆరేసిన చీర మీద రెట్ట పడ్డప్పుడల్లా అత్తగారు, "అన్నిట్నీ తరిమేస్తా!" అని వీధంతా వినబడేలా అరిచేది. అరిచినావిడే ఎవరూ చూడకుండా గవ్వ అనే తెల్లపావురానికి గుప్పెడు సజ్జలు వేసేది. ఆ సంగతి చస్తే ఒప్పుకోదు.

పందెం ముందురోజు పక్కింటి పాంచాలి వచ్చి, "ఎంత అందంగా ఉండాది ఈ పిట్ట!" అని గవ్వను కళ్లార్పకుండా చూసి వెళ్లింది. పిట్టకు దిష్టి తగులుతుందని ముసలావిడకు భయం పట్టుకుంది. కోడలి వైండింగు షెడ్డులోని పనిబల్ల మీద మెరుస్తున్న చిల్లుపూస ఒకటి తీసింది. అది చటుక్కున పక్కనున్న కత్తెరకు అతుక్కుంది.

"ఇనుమునే పట్టుకునింది! ఇంక పాంచాలి కన్ను ఒక లెక్కా?" అని మురిసిపోయి, నల్లదారానికి గుచ్చి, బుట్టలో ఉన్న గవ్వ మెడకు ఈకల కింద దాచి కట్టింది. పందెం వాళ్ల వ్యాను ఆ బుట్టను ఎక్కడో దూరాన ఉన్న తిరుమంగళం తీసుకుపోయింది. అక్కడ వదిలితే ఎగిరి ఇంటికి చేరడమే పందెం.

మర్నాడు అక్కడ పావురాలను వదిలే వేళకు ఆకాశమంతా మబ్బు కమ్మేసింది. మధ్యాహ్నానికి మిగతావన్నీ గూటికి చేరాయి. గవ్వ రాలేదు. శ్రీరంజని అన్నం ముట్టకుండా డాబా మీదే నిలబడిపోయింది.

"అవి దావ ఎట్ల కనుక్కుంటాయి?" అని కాలేజీలో చదివే మనవరాలు మధుమితను అడిగింది లక్ష్మమ్మాళ్.

"వెయిల్ ఉంటే సూర్యుణ్ణి చూసి వస్తాయవ్వా. మబ్బు పట్టితే భూమికి ఉండే మేగ్నెట్ శక్తి వాటికి తెలుస్తుంది. ఎట్ల తెలుస్తుందో పెద్దపెద్దవాళ్లే ఇంకా వెతుకుతా ఉండారు."

"మెడలోనే ఇనుమును పట్టుకునే మేగ్నెట్ ఒకటి ఉంటే?"

"అప్పుడు తికమకే. వెయిల్ వస్తేనే దావ కనుక్కోను అయ్యేది."

రోజూ తిట్టిపోసే మనిషి దిష్టికే కట్టిందంటే ఎవరు నమ్ముతారు? కావాలనే చేసిందంటారు. అయినా మోకాళ్లు పట్టుకుని మనవరాలి వెంట డాబా ఎక్కి, కోడలికి ఉన్నదున్నట్టు చెప్పేసింది. శ్రీరంజని విని, మళ్లీ ఆకాశం కేసి చూడసాగింది. తిట్టినా బాగుండేదని ముసలావిడకు అనిపించింది.

లక్ష్మమ్మాళ్ మబ్బుకేసి చేతులెత్తింది. "సామీ, నిన్నటిదాకా వాన వాన అని నీ ప్రాణం తీసినా. ఈ ఒక్క పొద్దుకు వెయిల్ కాయి, నాయనా!"

సామికి జాలి కలగడానికి చాలాసేపే పట్టింది. సాయంత్రమవుతుండగా మబ్బు విడి, డాబా మీద పచ్చగా ఎండ పరుచుకుంది. ఇంకాసేపటికి కొబ్బరిచెట్ల మీదుగా గవ్వ వచ్చింది. ఆత్రంగా గూట్లోకి తల దూర్చబోయి, ఇనుప జాలీకి టక్కున మెడతో అతుక్కుపోయింది. కదలలేక ముగ్గురినీ కోపంగా చూసింది.

శ్రీరంజని పడీపడీ నవ్వింది. కత్తెరతో దారం తెంచితే, పూస కత్తెరను వదలనంది.

"నన్ను నమ్మినావా కన్నూ?" అంది లక్ష్మమ్మాళ్ బెరుగ్గా.

"రోజూ నువ్వు సజ్జలు వేసేది నాకు తెలీదా అత్తా?" అంది కోడలు, గవ్వను ఆవిడ ఒళ్లో పెడుతూ. "పో మధుమితా, కాటుక తీసుకొని రా. పాంచాలక్క మళ్లా వస్తుంది. ఈసారి దిష్టిచుక్క కాలికి పెడదాం."