నాలుగు మాటల పక్కన నాలుగు పేర్లు

రాత నాకు ఆలస్యంగా వచ్చింది. ఒత్తులు ఎక్కడైనా జారిపోయి ఉంటే సర్దుకుని చదవండి. ఈ కాసిన్ని కాగితాలకే రెండు నెలలు పట్టింది, విసుక్కోకండి. చేయి నాది, చెప్పేది పుస్తకం.

నేను ఒక నిఘంటువును. ఇంగ్లీషు మాటకు తెలుగు అర్థం చెప్పే లావుపాటి పుస్తకాన్ని. మద్రాసులో అచ్చయ్యాను. నా అక్షరాలు పేర్చినవాళ్ళకు, పుటలు కుట్టినవాళ్ళకు నాలోని మాటలతో పని లేదు. పనిబడినవాళ్ళ చేతికి వచ్చాకే నా పాపం మొదలైంది.

ఆదోనిలో ఒక పత్తిమిల్లు గుమాస్తా గుండూరావు నన్ను కొన్నాడు. నాలో ఒక మాట ఉంది, క్లియర్. దాని కోసం నన్నెవరూ తెరవరు, అందరికీ నోటికి వచ్చినదే. బస్సు వెనక్కు తీయిస్తూ కండక్టరు క్లియర్ అంటాడు. ఫోనులో మాట క్లియర్‌గా లేదంటారు. డాక్టరు ఎక్స్‌రే తీసి వెలుతురుకు పట్టి క్లియర్ అంటే రోగి పడుచువాడిలా లేచి నడుస్తాడు. క్లియర్‌గా చెబుతున్నా విను అని మొదలుపెట్టినవాడు గంటసేపు ఏం చెప్పాడో నాకే అర్థం కాదు. ఆ మాట కింద దాని చుట్టాలు వరసగా ఉంటారు: ప్లెయిన్, ఆబ్వియస్, ఎవిడెంట్, మానిఫెస్ట్. అందరి అర్థమూ దాదాపు ఒకటే. తేటతెల్లమైన, సందేహం లేని, కళ్ళకు కనిపిస్తున్న.

మిల్లులో ఎవరైనా పోతే గుమాస్తా ఇంగ్లీషులో రిపోర్టు రాయాలి. గుండూరావు రాసేవాడు కాదు. పాత రిపోర్టు ముందు పెట్టుకుని, పేరూ తేదీ మార్చి దించేవాడు. ఆయనకు ముందున్న గుమాస్తా చేసిందీ అదే. 'చనిపోయినవాని నిర్లక్ష్యమే కారణమన్నది క్లియర్' అని అందులో ఒక వాక్యం. ఒకసారి పై ఆఫీసరు రెండు రిపోర్టులు పక్కపక్కన పెట్టి చూసి, ఇవేమిటయ్యా కవల పిల్లల్లా ఉన్నాయని విసుక్కున్నాడు. ఆ రోజు గుండూరావు నన్ను తెరిచాడు. వాక్యం మార్చలేదు, మాట ఒక్కటి మార్చాడు. అదే మాట మళ్ళీ పడకుండా, ఏది ఎవరికి వాడాడో గుర్తుకోసం నా అంచున పెన్సిల్‌తో తెలుగులో పేరు రాసుకున్నాడు. ప్లెయిన్ పక్కన ఒకరు. ఏడాదిన్నరకు ఆబ్వియస్ పక్కన ఇంకొకరు. ఎవిడెంట్ పక్కన హుసేనప్ప. ఆ మరుసటేడు మానిఫెస్ట్ కూడా ఖాళీగా ఉండలేదు.

హుసేనప్ప దూది నుంచి గింజ వేరుచేసే యంత్రం దగ్గర పనిచేసేవాడు. తిరిగే బెల్టుకు అడ్డంగా ఉండాల్సిన ఇనుప జాలీని ఊడదీసి మూల పెట్టారు. అది ఉంటే యంత్రాన్ని మాటిమాటికీ ఆపాల్సి వస్తుందట. బిగించమని అతను రెండుసార్లు అడిగాడు. మూడోసారి అడిగే లోపల భుజం మీది తువ్వాలు బెల్టులో చిక్కింది.

రిపోర్టులోని నిర్లక్ష్యం పేటలోకి వచ్చేసరికి తాగుడైంది. బీడీ కూడా ముట్టనివాణ్ణి, తాగి పనికి పోయినాడంట అన్నారు. అతని తల్లి బజారమ్మ కూడా నమ్మింది. భార్య ఉరుకుందమ్మ నమ్మలేదు. కానీ మిల్లువాళ్ళిచ్చిన రిపోర్టు నకలు కాగితంలో ఏముందో ఆమెకు తెలియదు, అక్షరం రాదు. తొమ్మిదేళ్ళు ఆ అత్తాకోడళ్ళు ఒకే గదిలో, ఆ మాటను మధ్యన పెట్టుకుని బతికారు. కొడుకు పేరెత్తితే ముసలామె గోడవైపు తిరిగి పడుకునేది.

గుండూరావు రిటైరయ్యాక ఇంట్లో చోటు చాలక నన్ను పాత కాగితాల బండికి వేశారు. అక్కడినుంచి జుబేదా టీచరు నన్ను ఏరుకుంది. పెద్దవాళ్ళకు మధ్యాహ్నాలు చదువు చెప్పేది ఆమె. ఉరుకుందమ్మ అక్కడే రెండేళ్ళు పలక మీద దిద్దింది. తెలుగు కూడబలుక్కోవడం వచ్చిన రోజున పెట్టె అడుగునుంచి ఆ కాగితం తెచ్చి ముందు పెట్టింది. టీచరు అందులోని వాక్యం చదివి, తాగుడు ప్రస్తావన ఎక్కడా లేదని చెప్పి, ఎవిడెంట్ అన్న మాట చూపడానికి నన్ను తెరిచింది. అక్కడ 'క్లియర్ చూడుము' అని ఉంది. ఆ పుట తీశారు.

ఉరుకుందమ్మ వేలు ఇంగ్లీషు మీద నిలవలేదు. అంచుకు జరిగింది. హు. సే. న. ప్ప. నన్ను అంత నెమ్మదిగా ఎవరూ చదవలేదు. తర్వాత మిగిలిన మూడు పేర్లూ చదివింది. ముగ్గురూ ఎరిగినవాళ్ళే, ముగ్గురూ ఆ మిల్లులోనే పోయారు.

నా మొదటి పుట మీద గుండూరావు పేరుంది. టీచరును అడిగి తీసుకుని, నన్ను చంకన పెట్టుకుని ఆయన ఇంటికి నడిచింది. అరుగు మీద కూర్చున్న ఆయన నన్ను గుర్తుపట్టాడు.

"సారూ, మా ఆయన పోయేటప్పుడు మీరు ఆడ ఉంటిరా?"

"లేదమ్మా. ఆ పొద్దు సెలవులో ఉన్నాను."

"మరి కండ్లకు కనిపిస్తా ఉండాదని రాస్తిరే."

ఆయన కళ్ళజోడు తీసి తుడిచాడు. "అది చూసి రాసేది కాదమ్మా. అట్లా రాయడం మామూలు."

చూడలేదన్న ముక్క ఒక్కటి కాగితం మీద పెట్టమంది. చేయి వణుకుతోందన్నాడు. నేను రాస్తా, మీరు సంతకం చేయండి అంది. ఇప్పుడెందుకమ్మా అవన్నీ అని లోపలికి వెళ్ళాడు. మిల్లులో అడిగితే ఫైలు మూసేశామన్నారు. మూసిన ఫైలులో మాట మార్చే పద్ధతి లేదట.

ఇంటికి వచ్చి అత్త పక్కన కూర్చుని, నన్ను ఒళ్ళో తెరిచి, నలుగురికీ చూడకుండానే ఒకే రాత రాశారని చెప్పింది.

"సదువొచ్చిందని నాకు కతలు చెప్తాండావా?" అంది బజారమ్మ.

ఉరుకుందమ్మ ఆ ముసలి వేలు పట్టుకుని పేరు మీద పెట్టింది. "ఇది నీ కొడుకు పేరత్తా. తాగినాడని యాడా రాయలేదు."

ముసలామె చాలాసేపు వేలు తీయలేదు.

"పెద్దల అమాసకు వానికి ఇంత మెతుకు పెట్టనీకపోతినే" అంది. "తొమ్మిదేండ్లు."

కోడలు ఓదార్చలేదు. ఆమెకు చేతకాలేదు, మనసూ రాలేదు.

అప్పటినుంచి బజారమ్మ రోజూ నన్ను అడిగి తీయించుకుని ఆ పేరు తడుముతుంది. పెన్సిల్ రాత, నిలిచేది కాదు. ముందు ఒత్తు పోయింది, ఇప్పుడు మొదటి అక్షరం పోతోంది. రిపోర్టు మాత్రం మిల్లు బీరువాలో చెక్కుచెదరకుండా ఉంది. తడమవద్దని ఉరుకుందమ్మ ఆమెతో అనదు.

ఉరుకుందమ్మ,
వయసు యాభై ఏడు.
ఇప్పుడు ఉండేది ఆదోనిలో, అత్తతోనే, అదే గదిలో.