తాటిచెట్టు మీద సిద్ధయ్య నీడ

పొద్దున లేవంగనే అంజవ్వకు మూడు పనులు. వాకిట్లో పేడనీళ్ల సానుపు చల్లుడు, పొయ్యి మీద జొన్న గటుక పెట్టుడు, మొగని మందుసీసాలో ఎన్ని గళ్లు మిగిలినయో చూసుడు. సీసా పక్కకు అతికిన కాగితం పట్టీకి గళ్లు కత్తిరించి ఉండేవి. ఒక గడి అంటే ఒక మోతాదు. అంజవ్వకు అక్షరం రాదు గని గళ్లు మాత్రం బాగ తెలుసు. గటుక మాడినా సరే, గడి తప్పొద్దు.

రెండేండ్ల కింద ఆమె పెనిమిటి సిద్ధయ్య తాటిచెట్టు మీదికెంచి పడ్డడు. సిద్దిపేట దాటినంక తొగుట తొవ్వలో ఉన్న తాటివనంలో అన్నిటికన్న ఎత్తు చెట్టు అది. చెట్టుకు తనను బిగించుకున్న మోకు తెగింది, నడుము విరిగింది. బజార్ల మందులిచ్చే ఒక డాక్టరు గోధుమరంగు నీళ్లమందు పోసి, పూటకొక గడి తాగుమని చీటీ రాసిచ్చిండు. నల్లమందు కలిసిన మందు. నొప్పి ఆ దినమే పోయింది. కొన్నాళ్లకు నడుమూ అతికింది. డాక్టరు వేరే ఊరికి వెళ్లిపోయిండు. చీటీ మాత్రం ఇంట్లనే ఉండిపోయింది. మందుల దుకాణపాయన అదే చీటీ చూసి సీసా నింపుతనే ఉన్నడు. పూటకొక గడి రెండైంది, రెండు మూడైనయి.

పడ్డనాడు సిద్ధయ్య ఒక్కడే పడ్డడు, ఆయన నీడ పడలేదు. అది చెట్టు కొసన, మట్టల కింద, మోకు బిగించుకొని అట్లనే ఉండిపోయింది. తెల్లారంగ ఒకసారి, పొద్దూకంగ ఒకసారి తన పని తాను చేసుకునేది. గెలకు పలుచగ గీత పెట్టి కల్లు పట్టే లొట్టి కట్టేది. నీడ చేతికి బరువు ఆగదు కాబట్టి, సిద్ధయ్యకు వరుసకు బావ అయ్యే ఎల్లన్న ఎక్కి ఆ లొట్లు దించి తెచ్చేటోడు. ఆ కల్లుతోటే ఇల్లు నడిచింది. చెట్లకు నంబరు వేసే ఆబ్కారీ జవాను ఏటేటా వచ్చి, తల పైకెత్తి చూసి, గీసేటోడు ఉన్నడని రాసుకొని పోయేటోడు.

"నీ మొగనికన్న ఆయన నీడ నయం పిల్లా. తిండి అడగది, మాట అనది," అని నీళ్లబాయి కాడ ఆడోళ్లు అంజవ్వను ఆడించేటోళ్లు.

"నీ మొగన్ని గూడ ఎక్కించి దొబ్బు అక్కా, నీడ మిగులుతది," అనేది అంజవ్వ. నవ్వేది గని, ఆ నవ్వుకు గూడ సత్తువ చాలకపోయేది.

సిద్ధయ్య మాత్రం అరుగు మీద కూసొని ఉండేటోడు. ఎండలో కూసున్నా ఆయన కింద నేల తెల్లగనే ఉండేది. పిలిస్తే పలికేటోడు. కోపమూ లేదు, సంతోషమూ లేదు. అప్పట్లో పెద్ద లడాయి నడుస్తున్నది. దూరదేశం మందులు రాకుంట ఆగిపోయినయి. ఒకనాడు దుకాణపాయన చేతులెత్తేసిండు. ఇంట్లో సీసా అడుగున ఒక్క గడి మిగిలితే, ఎప్పుడన్న గండం వస్తే కావాలని అంజవ్వ దాన్ని జొన్నల గుమ్మిలో దాచింది. మొగనికి చెప్పలేదు.

మరునాటికే సిద్ధయ్యకు ఆవులింతలు మొదలైనయి. ఒకదాని వెనుక ఒకటి, దవడ ఊడేటట్టు. కండ్లలో నీళ్లు, ముక్కులో నీళ్లు, ఒళ్లంత ఈకలు పీకిన కోడితోలు తీరు గగుర్పాటు. కడుపులో మెలిపెట్టింది. కాళ్లు ఆయన మాట వినకుంట కొట్టుకున్నయి. చలిజ్వరం అనుకొని ఎల్లన్న బండి కట్టిండు. దవాఖానకు తెచ్చిన్రు.

దవాఖానలో కాశీనాథం డాక్టరు ఉన్నడు. నడీడు మనిషి, ఎప్పుడు చూసినా నిద్ర చాలనట్టు ఉండేటోడు. సిద్ధయ్య కంటిరెప్పలు లేపి చూసిండు, చీటీ చదివిండు, ఎండలోకి తీసుకపోయి నిలబెట్టి కింద నేల చూసిండు.

"గిది జెరం కాదు సిద్ధయ్యా. నొప్పికిచ్చిన మందు నీ ఒంట్ల ఇల్లు కట్టుకున్నది. ఎల్లగొట్టాలె. మూడు వారాలు గీడనే ఉండాలె, నా కండ్ల ముందట."

"మూడు వారాలెందుకు సారూ! గిప్పుడే బందువెట్టుండ్రి. సస్తె సస్త," అన్నడు సిద్ధయ్య పండ్లు కొట్టుకుంట.

డాక్టరు మంచం అంచుకు కూసున్నడు. "చెట్టెక్కేటోనివి, నువ్వే చెప్పు. పని అయినంక పైకెంచి దుంకుతవా?"

"దుంకుతరా ఎవ్వలన్న? మోకు జరుపుకుంట, కాలు తడుముకుంట దిగాలె. ఎక్కుడు అల్కగనే ఉంటది. దిగుడే కష్టం."

"గంతే మల్ల. రోజింత తగ్గిచ్చుకుంట దిగుదం."

ఆ దినం నుంచి కంపౌండరు భిక్షపతి చిన్న గాజుగ్లాసులో చుక్కలు కొలిచి పోసేటోడు. దవాఖాన మందు తాళం వేసిన పెట్టెలో ఉండేది. రెండు దినాలకొకసారి రెండు చుక్కలు తగ్గేవి. తగ్గిననాడు సిద్ధయ్య గ్లాసును వెలుతురుకు పట్టి చూసేటోడు.

"నా చుక్కలు తాగినవా భిక్షపతీ?"

"తాగితె నీ తీరు నేను గూడ నీడ పోగొట్టుకుందును. తాగు తాగు, బార్లి నీళ్లు గూడ ఉన్నయి."

కాళ్లు గుంజితే అంజవ్వ వేడినీళ్ల గుడ్డ కట్టేది. కడుపు ఆగకుంటే ఉప్పేసిన గంజి తాగించేది. ఆయన నిద్రపోక బొంతను తన్నుకుంట పొర్లుతుంటే, ఆమె కూసున్న కాడనే తల గోడకు ఆనించి ఒక రెప్పపాటు కునుకు తీసేది. డాక్టరు దినాం వచ్చి కాగితం మీద రాసుకునేటోడు. నాడి ఇంత, చెమట ఇంత, ఆవులింతలు ఇన్ని. తర్వాత ఎల్లన్న దిక్కు చూసేటోడు.

"నీడ ఏడిదాక వచ్చింది?"

"మట్టలు వదిలింది సారూ. నిన్నటికి మూడు మూరలు దిగింది."

అది గూడ రాసుకునేటోడు.

నీడ ఎందుకు అంత కాలం దిగలేదో ఎల్లన్నకు తెలిసినట్టు ఎవ్వలికీ తెలియదు. "నొప్పి తెలిస్తె గద పడ్డట్టు. వాని నీడకు పడ్డ ముచ్చట ఇంక ముట్టలే," అన్నడొకనాడు బీడి ముట్టించుకుంట.

నీడ కిందికి జరుగుడుతోటి గీత ఆగింది. లొట్లు ఎండిపోయినయి. అంజవ్వ ఒక పూట దవాఖాన, ఒక పూట కూలి. నాట్లకు పోయి బురద కాళ్లతోటే వచ్చి మొగని పక్కన కూలబడేది. బాగైతే నీడ దిగుతది, నీడ దిగితే కల్లు రాదు, నడుము విరిగినోడు ఎక్కలేడు. అట్లని బాగుకావొద్దని ఎట్ల కోరుకుంటది? ఆ రెండు ఆలోచనల నడుమ ఆమె గడప మీద పిల్లి తీరు నిలబడ్డది.

పదకొండో దినం సిద్ధయ్య కడుపు పట్టుకొని పసిపిల్లగాని తీరు ఏడ్చిండు. అంజవ్వ చూడలేకపోయింది. కల్లు గీసే గౌండ్ల ఇండ్లల్లో పుట్టిన బిడ్డ నాలుకకు మొదలు ముట్టించేది కల్లుచుక్కే. అమ్మవారు పోసినా కల్లే, నీరసానికీ కల్లే. నీడ గీసిన ఆఖరి లొట్టి ఎల్లన్న ఇంట్లో ఉంటే, కొంగు చాటున తెచ్చి మొగనికి తాగించింది. ఆ లొట్టి పులిసి ఉన్నది. ఆయన గటగట తాగిండు. అంతకు కొంచెం ముందే భిక్షపతి పోసిన చుక్కలు గూడ లోపల ఉన్నయి.

మిట్టమధ్యాహ్నం సిద్ధయ్య శాంతంగ పండుకున్నడు. నిద్ర పట్టిందని అంజవ్వ సంబురపడ్డది. విసురుకుంట కూసున్నది. కొంతసేపటికి చూస్తే పెదవులు నేరేడుపండు రంగు తిరిగినయి. ఛాతీ లేస్తలేదు. లేస్తున్నదా అంటే, ఎప్పుడో ఒకసారి.

"సారూ!" అని ఆమె వేసిన కేకకు వాకిట్లో ఎడ్లు బెదిరినయి.

డాక్టరు ఉరికొచ్చిండు. సిద్ధయ్య చేతులు పైకి లేపి, ఛాతీకి నొక్కి, మళ్ల లేపి ఊపిరి ఆడించిండు. భిక్షపతి చెంపల మీద కొట్టుకుంట పేరు పెట్టి పిలిచిండు. వాళ్లిద్దరి అంగీలు చెమటకు తడిసిపోయినయి. అప్పుడే ఎల్లన్న వనం దిక్కుకెంచి రొప్పుకుంట వచ్చి గుమ్మంలో నిలబడ్డడు.

"ఒంటిచేత వేలాడుతుంది సారూ! మోకు జారిపోయింది!"

"ఇంకో చెయ్యి పట్టుకొమ్మను," అన్నడు డాక్టరు, తల ఎత్తకుంటనే.

చాలాసేపటికి సిద్ధయ్య దగ్గిండు. కండ్లు తెరిచిండు. డాక్టరు నేల మీద కూలబడి అంజవ్వ దిక్కు చూసిండు.

"ఏం తాగిపిచ్చినవమ్మా?"

ఆమె లొట్టి చూపించింది. "మాకది చనుబాల తీరు సారూ. మంచి చేస్తదనుకున్న."

"ఆ మందు, గీ కల్లు, రెండూ మనిషిని పండవెట్టేటియే. రెండూ కలిస్తె ఊపిరి గూడ పండుకుంటది." కోపంతోటి మొదలైన మాట నడుమనే చల్లబడ్డది. "గౌండ్లోల్ల ఇంట్ల కల్లుంటదని నాకు తెల్వదా? తాగిపియ్యకుండ్రని నేనే మొదలు చెప్పాలె. తప్పు నాది గూడ."

మూడు దినాలు చుక్కలు తగ్గించలేదు. నీడ గూడ ఉన్నకాడనే ఉండి మోకు సర్దుకున్నది. తర్వాత మళ్ల దిగుడు. మూడు వారాలన్నది నాలుగైంది. ఇరవయ్యేడో దినం భిక్షపతి ఖాళీ గ్లాసు తెచ్చి బోర్లించి చూపించిండు.

"ఇగ నాకు పనిలేకుంట చేసినవ్ సిద్ధయ్యా."

ఇంకొక దినం చూసి డాక్టరు పంపించిండు. "నడుము నొస్తది. గది నిజం నొప్పి, దానికి కాపడం పెట్టుకో. ఆ నీళ్లు మాత్రం మళ్ల ముట్టకు. గిప్పుడు పాత మోతాదు తాగితె తట్టుకోలేవు, పానం పోతది. అంజవ్వా, నువ్వు గూడ వింటున్నవ్ గద?"

అంజవ్వ తల ఊపింది.

బండి ఇంటికి పోలేదు, సక్కగ వనానికి పోయింది. మంచు ఇంక ఆరలేదు. సిద్ధయ్య కట్టె పట్టుకొని చెట్టు మొదలుకు వచ్చిండు. నీడ నేలకు ఒక నిలువెత్తున ఆగి ఉన్నది. మానును కరుచుకొని, ముఖం అటు దిక్కు పెట్టుకొని ఉన్నది. నాలుగు దినాల నుంచి అట్లనే ఉన్నదని ఎల్లన్న చెప్పిండు.

"భయపడుతున్నది," అన్నడు సిద్ధయ్య. కట్టె కింద వేసి రెండు చేతులు చాపిండు. "రా. ఎన్నొద్దులుంటవ్? కింద నేనున్న."

నీడ చేతులు వదిలింది.

రెండేండ్ల కింద పడ్డ పాటు అప్పుడు ముట్టింది ఆయనకు. మోకు తెగిన చప్పుడు గూడ విన్నడట. నడుము పట్టుకొని మోకాళ్ల మీద కూలబడ్డడు. నోటికెంచి వచ్చిన అరుపుకు తాటిమట్టల మీది పక్షులన్ని లేచిపోయినయి. అంజవ్వ పక్కన కూసొని వీపు రుద్దింది.

"అంజీ," అన్నడు ఊపిరి అందినంక. "ఇంట్ల ఒక్క గడన్న మిగిలిందా? నిజం చెప్పు."

ఆమె వీపు రుద్దుడు ఆపింది. తర్వాత కొంగు ముడి విప్పింది. ఇంటికి వచ్చినంక ఆయన చేతికి దొరుకుతదేమోనని, ఆ సీసాను నిన్ననే గుమ్మిలోకెంచి తీసి తన కాడ పెట్టుకున్నది.

"ఉన్నది. డాక్టరు సారు మాట నేను విన్న, నువ్వు విన్నవ్. వద్దని గుంజుకునే సత్తువ నాకు లేదయ్యా. అలిసిపోయిన. పారబోసినా నువ్వే, తాగినా నువ్వే."

సిద్ధయ్య సీసా తీసుకున్నడు. కాగితం పట్టీ మీద ఆఖరి గడి దాక గోధుమరంగు నీళ్లు. బిరడ తీసిండు. ఆ వాసనకు నోట్లో నీళ్లూరినయి, చెయ్యి వణికింది. తల వంచితే, మంచు తడిసిన మట్టి మీద ఇంకొక చెయ్యి గూడ అట్లనే వణుకుతున్నది. రెండేండ్లు ఒంటరిగ పనిచేసి చేసి సన్నబడ్డ నీడ. నడుము పట్టుకొని, ఆయన తీరే వంగి, ఆయన ఏం చేస్తడో అని చూస్తున్నట్టు ఉన్నది.

ఆయన సీసా వంచిండు. మట్టి ఆ నీళ్లను పీల్చుకున్నది.

"సీస పారేస్తవా?" అన్నడు ఎల్లన్న.

"పారెయ్యకు," అన్నది అంజవ్వ. "గట్టి సీస."

పొద్దూకినంక ఆమె కాగితం పట్టీని నానబెట్టి గీకేసింది. బిరడకు తొర్ర చేసి, పాతచీర పేలిక ఒత్తి పెట్టి, గ్యాసునూనె పోసి బుడ్డిదీపం ముట్టించింది. లడాయి రోజుల్లో నూనె దొరుకుడు గగనమే, అయినా ఆ పూట ముట్టించింది. సిద్ధయ్య గటుక కలుపుకుంట, "రేపటి సంది ఈత చెట్లు చూస్త. పొట్టియి. కాలు నేలకు దగ్గరుంటది," అన్నడు.

"నడుము?"

"నొస్తుంది." ముద్ద మింగి, "మస్తు నొస్తుంది అంజీ," అన్నడు. ఏదో దొరికినట్టు ఉన్నది ఆ గొంతు.

అంజవ్వ బుడ్డిని కొంచెం ఇవతలికి జరిపింది. ఎదురు గోడ మీద ఆయన నీడ పెద్దగై, గటుక తింటున్నది. ఆమె లేచిపోయి ఆ నీడ పడ్డకాడనే గోడకు వీపు ఆనించి కూసున్నది. కాళ్లు చాపి, కండ్లు మూసింది. తెల్లారి వాకిలి ఊడ్వాలె, గటుక పెట్టాలె. ఇగ మూడో పని లేదు.