తిట్లు వినబడే దూరం

"ఆ ఎడమేపు ఏటది? పువ్వనుకున్నావా, నీ బుర్రనుకున్నావా? ఒత్తు!" కింద సున్నం కలుపుతూ మేరీ అరిచింది.

వెదురు పరంజా మీద గొంతుక్కూర్చున్న ఆమె మొగుడు సత్యరాజు ఎడమవైపు రేకను బొటనవేలితో ఒత్తాడు.

"మరీ అంతా? నీకన్నీ ఎక్కువే!"

వేలు వదులు చేశాడు. కూలీలు నవ్వారు. "మావ బతికుండగానే నరకం సూసేత్తన్నాడర్రా" అన్నాడు దాసు.

చోడవరం తాలూకా ఆఫీసు తెల్లదొరల నాటిది. వానలకి గుమ్మం పైనున్న సున్నపు పువ్వులు రాలిపోతే, పాతవాటిలాగే తిరిగి చేయిస్తున్నారు. ఇక చివరిదే మిగిలింది. సత్యరాజుకి అది పొగలో తెల్లటి ముద్దలా కనిపిస్తోంది. కంటినరం ఎండిపోయిందని, మందు లేదని విశాఖపట్నం ఆసుపత్రిలో చెప్పేశారు. ఆ సంగతి తెలిస్తే పరంజా ఎక్కనివ్వరు. ఈ పువ్వొక్కటీ తన చేత్తో పూర్తిచేసి దిగాలని అతని కోరిక. అందుకే మేరీ తిడుతుంది. ఇంట్లో అతన్ని పల్లెత్తు మాట అనని మనిషి.

మధ్యాహ్నం చోడంబలి తాగాక, అతని వేళ్ళ సందుల్లో సున్నం కడిగి పగుళ్ళకి నూనె రాసింది. అరిచి అరిచి ఆమె గొంతు బొంగురుపోయింది.

పని చూసే కామేశం అప్పుడే వచ్చాడు.

"మేరీ, నువ్వు వెనక వరండావేపు పో. పెద్దాణ్ణి నలుగుర్లో అలా తీసిపారేస్తావేటి? ఈ పూటైనా పాపం సుఖంగా పని చేసుకోనీ."

"నానిక్కడే కలుపుతాను బాబూ."

"చెప్పింది చెయ్యి."

మేరీ ఒకసారి మొగుడివైపు చూసి, సున్నం కలిపే గమేళా అక్కడే వదిలి వెళ్ళింది.

సత్యరాజు పైకెక్కాడు. ఒక చెయ్యి చేసిన రేక మీద పెట్టి, రెండో చేత్తో ఖాళీని తడిమి సున్నం అద్దాడు. జారిపోయింది. మళ్ళీ అద్దాడు. ఈసారి ముద్ద దాసు పక్కనే పడింది.

"ఏటి మావా, నిద్దరొత్తందా?"

సత్యరాజు ఒక్కొక్క వెదురునే పాదంతో వెతుక్కుంటూ కిందికి దిగి, కామేశం గొంతు వినబడినవైపు తిరిగి నిలబడ్డాడు.

"దాన్ని పిలండి బాబూ. అది తిట్టకపోతే నాకు కనబడదు."

దాసు నవ్వబోయి ఆగిపోయాడు. కామేశం ఆ కళ్ళలోకి కాసేపు చూశాడు. తర్వాత తనే వెనక వరండాకి నడిచి మేరీని తీసుకొచ్చాడు. దాసుని పైకెక్కి సత్యరాజు నడుం పట్టుకోమన్నాడు.

అందరికీ తెలిసిపోయాక మేరీకి తిట్టు నోట రాలేదు. "కొంచెం... ఎడమేపు" అంది మెల్లగా.

"గట్టిగా తిట్టవే, ఇనబడ్డం లేదు!" అన్నాడు సత్యరాజు.

"నీ సెవులకేటొచ్చింది? పైకొత్తు, సచ్చినోడా!" అంటూ కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

ఈసారి ఎవరూ నవ్వలేదు.

పొద్దువాలేసరికి పువ్వు పూర్తయింది. రేపు రమ్మని కామేశం అనలేదు. సత్యరాజూ అడగలేదు. అతని చెయ్యి తన భుజం మీద వేసుకుని మేరీ రోలుగుంట రోడ్డు పట్టింది.

ఎండిపోతే రేపటి పనికి రాదని, ఇంటికి బయల్దేరేముందు అలవాటు కొద్దీ ఆమె తడిగోనె కప్పిన గమేళాలో సున్నం ఇంకా మెత్తగానే ఉంది.