ఒక హెచ్ ఎక్కువైంది

మా వదిన టైలరు. ఆమె షాపు వెబ్‌సైట్‌కి డొమైన్ పేరు రిజిస్టర్ చేసే పని నేనే నెత్తినేసుకున్నాను. "వదిన కుట్టు" అని ఇంగ్లీషు అక్షరాల్లో ఆమె చీటీ మీద రాసిచ్చింది. నేను చీటీ చూడకుండా, అలవాటు కొద్దీ డి పక్కన హెచ్ కొట్టేశాను.

మన చెవికి రెండూ వదినే. ఇంటర్నెట్‌కి చెవులెక్కడివి? ఒక్క అక్షరం ఎక్కువైతే దానికి అది వేరే చిరునామా.

నెల తర్వాత వెళ్తే, వదిన నేల మీద కూర్చుని చొక్కాల మెడల నుంచి లేబుళ్లు ఊడదీస్తోంది.

"వీటి మీద నేను హెచ్ లేకుండా వేయించిన పేరు కొడితే వేరే టైలరు పేజీ వస్తోందంట. ఆ పేరు వాళ్లు ఎప్పుడో కొనేసుకున్నారంట. నువ్వు కొన్నది హెచ్‌తో ఉంది. చదువుకున్నవాడివి, నువ్వు సరిగ్గానే కొట్టుంటావు. నాకే స్పెల్లింగు రాదు."

చీటీ ఇంకా నా పర్సులోనే ఉంది. అందులో హెచ్ లేదు. చెప్పడానికి నోరు తెరిచాను.

"పోనీలే వదినా, ఎవరికైనా జరిగేదే," అన్నాను.

వదిన ముఖం తేటపడింది. "నువ్వు కాబట్టి ఒక్క మాటా అనలేదు," అంటూ ఇంకో దారం తెంపింది.